నేలను దాటిన వారికి నేల పేరు

మనం నివసించే మింగళ తౌంగ్‌న్యున్ పేరులోనే ఒక కొండ ఉంది. 'మింగళ' అన్నది మన మంగళ శబ్దమే. పాళీ భాష మీదుగా బర్మా భాషలోకి వచ్చింది. 'తౌంగ్' అంటే కొండ. 'న్యున్' అంటే కొస, లేదా చిగురు. మన పేటను ఆనుకొని ఉన్న కందోజీ పేరులో చెరువు ఉంది: 'కన్' అంటే చెరువు, మిగిలిన రెండు అక్షరాలు రాచరికాన్నీ పెద్దతనాన్నీ తెలుపుతాయి. ప్రధాన రైల్వే స్టేషనుకు వెళ్ళే వారు, బజారుకు వెళ్ళే వారు రోజూ ఈ పేర్లు పలుకుతారు. పలికినప్పుడు కొండ గాని చెరువు గాని మనసులో మెదలవు. పేరు వాడుకలో నలిగే కొద్దీ దాని కింది నేల కనిపించకుండా పోవడం సహజం.

మన ఇంటిపేర్ల సంగతీ ఇంతే. కొండ, కోన, అడివి, మెట్ట, చెరువు, లంక మొదలైన మాటలు తెలుగు కుటుంబాల పేర్లకు ముందు తరతరాలుగా నిలిచి ఉన్నాయి. స్వాతంత్ర్యోద్యమంలో 'దేశభక్త' బిరుదు పొందిన కొండా వెంకటప్పయ్య గారి పేరులో కొండ ఉంది. 'నారాయణరావు' నవల రాసిన అడివి బాపిరాజు గారి పేరులో అడవి ఉంది. బాపట్లకు చెందిన కోన ప్రభాకరరావు గారి పేరులో కోన, అంటే కొండల నడుమ లోయ, ఉంది. పేరు విన్న వెంటనే మనకు మనిషి గుర్తుకు వస్తాడు గాని నేల గుర్తుకు రాదు.

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల విషయంలో ఈ మరపు ఒక ప్రశ్నగా మారుతుంది. తాను గాని, తన తండ్రి గాని, తాత గాని కంటితో చూడని నేల పేరు ఒక బిడ్డకు ఏ న్యాయం చేత చెందుతుంది? ఇంటిపేరు అనే ఏర్పాటే లేని ఈ దేశంలో దానిని విడిచిపెడితే పెద్దలకు ద్రోహం చేసినట్లవుతుందా? 'లంక' అనే ఒక్క ఇంటిపేరును ఆధారంగా తీసుకొని ఈ ప్రశ్నను విచారిద్దాం.

లంక అనగానే పిల్లలకు రావణుడి పట్టణం తోస్తుంది. గోదావరి సీమలో ఆ మాటకు ప్రతిదినం వాడుకలో ఉన్న అర్థం వేరు. నది తెచ్చిన ఒండ్రు, ఇసుక పాయల నడుమ మేట వేసి మెరకగా తేలితే, ఆ దిబ్బను లంక అంటారు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ మొదలైన పాయలుగా విడిపోయే చోటు నుంచి సముద్రం దాకా ఇటువంటి లంకలు ఎన్నో. పిచ్చుకలంక, బొబ్బర్లంక, యానానికి ఎదురుగా ఉన్న ఎదుర్లంక — ఈ ఊళ్ళ పేర్లే సాక్ష్యం. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా పొలాలకు కాలువ నీటిని ఇచ్చింది. లంకలు మాత్రం గట్లకు లోపల, నది చేతిలోనే ఉండిపోయాయి. వరద వస్తే పడవలే దిక్కు. 1986 ఆగస్టులో వచ్చిన పెద్ద వరదను ఆ సీమవారు ఇప్పటికీ తలచుకుంటారు.

అయినా మనుషులు లంకను వదలలేదు. వరద తీసిన తరువాత మిగిలే కొత్త మట్టి అంత సారవంతమైనది. లంక పొగాకుకు చుట్టల తయారీలో గొప్ప పేరు. ఈ దేశంలో పెరిగిన పిల్లలకు దీనిని చెప్పడం కష్టం కాదు. ఐరావతి నదిలోనూ వరద తగ్గాక తేలే మేట నేలలు ఉన్నాయి. బర్మా రైతులు వాటిని 'కైంగ్' అంటారు. అక్కడా నీరు తీసిన వెంటనే పంట వేస్తారు.

లంకకు ఒక గుణం ఉంది. అది కదులుతుంది. నది ఒక అంచును కోసుకుపోయి మరొక చోట మేట వేస్తుంది. తాత దున్నిన చెక్క మనుమడి నాటికి నీటి పాలు కావచ్చు. నాడు ఏరు పారిన చోట నేడు తోట ఉండవచ్చు. 'లంక' అనే ఇంటిపేరు ఏ లంకను చూసి పుట్టిందో ఆ లంక ఈనాడు ఉండకపోవచ్చు కూడా. నేల పోయినా పేరు మిగిలింది. అప్పుడు ఆ పేరు అబద్ధమైపోయిందా? ఎవరూ అలా అనుకోలేదు. గోదావరి ఒడ్డునే ఉండిపోయిన వారి విషయంలో కూడా, పేరు నిజం కావడానికి కాళ్ళ కింద ఆ నేల ఉండనక్కరలేదన్న మాట.

అసలు ఇటువంటి పేరు ఎలా పుడుతుందో చూస్తే విషయం మరింత తేటపడుతుంది. జపాను దేశంలో 1875లో ప్రభుత్వం ప్రజలందరూ ఇంటిపేరు పెట్టుకోవాలని ఆజ్ఞాపించింది. అక్కడ యమదా అంటే కొండ పొలం, తనకా అంటే పొలం నడుమ. మనకు అటువంటి ఆజ్ఞ ఏదీ లేదు. మన ఇంటిపేర్లు ఇరుగుపొరుగుల నోట పుట్టాయి. ఊళ్ళో ఇద్దరు సుబ్బయ్యలు ఉంటే, చెరువు గట్టున ఉన్న సుబ్బయ్య వేరు, మెట్ట మీది సుబ్బయ్య వేరు అని చెప్పవలసి వచ్చింది. లంకలోనే ఉన్నంత కాలం అక్కడి వారిని ఎవరూ 'లంకవారు' అని పిలువరు. అందరూ లంకవారే గనుక ఆ మాట ఎవరినీ వేరు చేయదు. ఆ కుటుంబం ఏరు దాటి గట్టు మీది ఊరికి వచ్చి స్థిరపడినప్పుడు, 'వారెవరు?' అని అడిగిన వారికి 'లంకవారు' అని జవాబు వస్తుంది. అంటే ఆ పేరు పెట్టింది బయట నిలబడి చూసిన వారు. అది దక్కింది ఆ నేలను దాటి వచ్చిన వారికి.

మన వ్యాకరణం కూడా ఈ సంగతినే చెబుతుంది. చెరుకూరు అనేది ఊరు. చెరుకూరి అనేది ఇంటిపేరు. 'ఊరు' అన్న మాట 'ఊరి' అయినప్పుడు, 'ఆ ఊరికి చెందిన' అన్న అర్థం వస్తుంది. ఇల్లు 'ఇంటి' అయినట్లే, ఏరు 'ఏటి' అయినట్లే ఇదీ. అందుకే ఇంటిపేరు మనిషి పేరుకు ముందు వస్తుంది. వెనుక వచ్చే మనిషి కోసం అది ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ నేల మాది అని అది చెప్పదు. మేము ఆ నేలకు చెందినవారం అని మాత్రమే చెబుతుంది. మొదటిది ఆస్తి మాట. నేల చేజారితే ఆ మాటా పోతుంది. రెండవది సంబంధం మాట. దూరం దానిని చెరపలేదు.

ఈ దృష్టితో చూస్తే, మన పూర్వులు సముద్రం దాటి రావడం ఆ పేర్లకు కొత్త అనుభవం కాదు. ఒక పాయ దాటినప్పుడు పుట్టిన పేరు బంగాళాఖాతాన్నీ దాటింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి స్టీమర్లలో మన వారు రంగూనుకు వచ్చారు. వారి నోట అది 'రంగం' అయింది. మేస్త్రీల వెంట రేవు పనులకు, బియ్యపు మిల్లులకు వచ్చినవారు వారిలో అధికం. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూను నగర జనాభాలో సగానికి మించి వారే. విదేశాలలోని భారతీయుల స్థితిగతులను గురించి ఆ దశకంలో ఆంగ్లంలో గ్రంథం రాసిన పండితుడు లంకా సుందరం గారు. 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి తొలి లోక్‌సభలో కూర్చున్నారు. ఏటి నడుమ దిబ్బ పేరు మోసిన వ్యక్తి కడలి దాటిన వారి గురించి రాయడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, తలచుకోదగినది.

ఇక్కడికి వచ్చిన తరువాత మన వారికి మరొక నేల పేరు వచ్చింది. గోదావరి ముఖద్వారానికి దగ్గరలో, కాకినాడకు దక్షిణాన కోరంగి అనే పాత రేవు ఉంది. 1839 నవంబరు నాటి ఉప్పెన దానిని ధ్వంసం చేసిన తరువాత వర్తకం కాకినాడకు తరలింది. అయినా ఆ రేవు పేరుతోనే బర్మాలోని తెలుగువారందరినీ 'కొరంగీలు' అన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చినా, విశాఖ నుంచి వచ్చినా, కోరంగిని జన్మలో చూడకపోయినా అదే పేరు. రానురాను అది కూలివాడిని తక్కువ చేసి పిలిచే మాట అయింది. 1930 మే నెలలో కూలి పెంచమని రేవులో సమ్మె చేసినవారు ఈ తెలుగు కార్మికులే. వారి స్థానంలో బర్మా కార్మికులను పెట్టుకొని, రాజీ కుదిరిన వెంటనే ఆ బర్మా వారిని తీసివేయడంతో ఘర్షణ రేగి, నగరమంతా నెత్తురు చిందింది. ఆకలితో ఉన్న రెండు జనాలను ఒకరి మీదికి ఒకరిని తోసిన ఆ రోజుల్లో 'కొరంగీ' అన్న మాట మనిషిని గుర్తించడానికి కాక గురిపెట్టడానికి పనికి వచ్చింది.

'లంకవారు' అన్నదీ నేల పేరే, 'కొరంగీ' అన్నదీ నేల పేరే. రెండింటినీ పెట్టింది బయటివారే. తేడా ఎక్కడుంది? మొదటి పేరు ఒక ఇంటిని మరొక ఇంటి నుంచి వేరు చేసి, ఆ ఇంటిని తెలుసుకోవడానికి పుట్టింది. రెండవది వేలాది ఇళ్ళను ఒకే కుప్పగా పోసి, ఇక ఎవరినీ తెలుసుకోనక్కరలేదని చెప్పడానికి వాడబడింది. నేల పేరుతో మనిషిని పిలవడంలోని మంచి చెడులు ఆ పేరులో లేవు; పిలిచే వారి ఉద్దేశంలో ఉన్నాయి. ఈ సంగతి మనం ఇతరులను పిలిచే తీరుకూ వర్తిస్తుంది.

ఇప్పుడు మన పిల్లల ప్రశ్నకు వద్దాం. బర్మా సంప్రదాయంలో ఇంటిపేరు లేదు. పుట్టిన వారాన్ని బట్టి బిడ్డ పేరులోని మొదటి అక్షరాన్ని నిర్ణయిస్తారు: సోమవారమైతే క వర్గం, మంగళవారమైతే చ వర్గం, శనివారమైతే త వర్గం. మనం నక్షత్ర పాదాన్ని బట్టి అక్షరాన్ని ఎంచుకోవడానికి ఇది దగ్గరి చుట్టమే. ఆ పేరు ఆ మనిషిది మాత్రమే. తండ్రి నుంచి రాదు, బిడ్డకు పోదు. అందువల్ల మన ఇళ్ళలో చాలామందికి రెండు పేర్లు ఏర్పడ్డాయి. బడిలో, కాగితాలలో ఒకటి. ఇంట్లో, గుడిలో మరొకటి. మొదటి దానిలో ఇంటిపేరుకు చోటు లేదు. రెండవ దానిలో ఉన్నా, పలికే సందర్భాలు తగ్గిపోతున్నాయి.

దీనిని నష్టంగా భావించే పెద్దల మాటలో బలం ఉంది. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడిన తరువాత లక్షలాది మంది భారతీయులు నడిచీ, ఓడలెక్కీ వెళ్ళిపోయారు. 1964లో దుకాణాలను జాతీయం చేసిన తరువాత మరొకసారి ఇళ్ళు ఖాళీ అయ్యాయి. అన్నదమ్ములు రెండు తీరాలకు చీలిన కుటుంబాలు ఎన్నో. అటువంటి కుటుంబాలు తిరిగి ఒకరినొకరు వెదుక్కోవాలంటే చేతిలో ఉన్న ఆధారం ఊరి పేరు, ఇంటిపేరు మాత్రమే. సంబంధాలు చూసేటప్పుడు ఒకే ఇంటిపేరు వారికి పెళ్ళి చేయరాదన్న ఆచారం ఒకటి ఉంది. అది పాటించాలన్నా పేరు తెలిసి ఉండాలి. వీటిని తేలికగా తీసివేయలేము.

అయితే ఇంటిపేరును గౌరవించే మనం దాని మరొక ముఖాన్నీ చూడాలి. ఇంటిపేరు అడగడం చాలా చోట్ల కులం అడగడానికి మర్యాదైన మార్గంగా మారింది. పేరు చెప్పగానే గడప లోపలికి రమ్మన్న వారూ ఉన్నారు, బయటే నిలబెట్టిన వారూ ఉన్నారు. నేల పేర్లు మాత్రం ఈ భేదాన్ని ఎరుగవు. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల వారిలో కనిపించడానికి కారణం అదే. కొండ పక్కన ఉన్న వారందరికీ కొండ తన పేరు ఇచ్చింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. మనం పిల్లలకు ఇంటిపేరు నేర్పేటప్పుడు గర్వాన్ని కలిపి నేర్పితే, నేల చేయని భేదాన్ని మనం చేసినట్లవుతుంది.

రెండవది స్త్రీల విషయం. ఇంటిపేరు పోతున్నదని బాధపడే ప్రతి ఇంట్లోనూ ఒక అమ్మ, ఒక అమ్మమ్మ, ఒక నాయనమ్మ తమ పుట్టింటి పేరును పెళ్ళినాడే విడిచి వచ్చారు. దానిని మనం నష్టమని ఏనాడూ అనలేదు, ఆచారమన్నాము. బర్మా స్త్రీ పెళ్ళయిన తరువాత కూడా తన పేరునే నిలుపుకుంటుంది. ఆంగ్ సాన్ సూ చీ గారి పేరులో తండ్రి పేరు, నాయనమ్మ పేరు, తల్లి పేరు మూడూ కలిసి ఉన్నాయి. అది ఇంటిపేరు కాదు, ఒక తండ్రీ ఇద్దరు స్త్రీలూ కలిసిన స్మృతి. మన బిడ్డ ఇంటిపేరును విడిచిపెట్టడం ద్రోహమైతే, ఇన్ని తరాల స్త్రీలచేత విడిపించినది ఏమవుతుంది? అది ద్రోహం కాదని అనుకుంటే, ఇదీ కాదు. ఒకే తూకంతో తూచవలసిన విషయాలివి.

కనుక మా అభిప్రాయం ఇది. కాగితం మీద ఇంటిపేరు ఉన్నదా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఉన్న దేశపు పద్ధతిని అనుసరించి పేరు పెట్టుకున్న బిడ్డ ఎవరికీ అన్యాయం చేయడం లేదు. పేరును మోసినంత మాత్రాన ఋణం తీరదు కూడా. అర్థం తెలియకుండా మోసిన ఇంటిపేరు, తాళం పోయిన పెట్టె వంటిది. ఇంట్లో ఉంటుంది గాని తెరుచుకోదు. 'మీ ఇంటిపేరు ఏమిటి?' అన్న ప్రశ్నకు 'లంక' అని జవాబు చెప్పడం సగం. 'లంక అంటే ఏమిటి?' అని అడిగినప్పుడు, నది నడుమ మేట వేసిన నేల అనీ, దాని మీద వరదకు ఓర్చి పంట పండించిన వారు మా వారనీ చెప్పగలగడం మిగిలిన సగం. పెద్దలకు మనం పడిన బాకీ ఈ రెండవ సగమే.

తీరం దాటి వెనుకకు వెళ్ళిన వారి విషయం కూడా ఇందుకు తోడు నిలుస్తుంది. రంగం నుంచి తిరిగి వెళ్ళి స్థిరపడిన వారి మూలంగా విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అనే పేట ఏర్పడింది. ఇక్కడ ఉన్నంత కాలం వారిని ఎవరూ బర్మా వారు అనలేదు. దాటి వెళ్ళాక అక్కడి వారు వారిని ఈ నేల పేరుతో పిలిచారు. లంక దాటినవారు లంకవారైన తీరులోనే, బర్మా దాటినవారు బర్మావారయ్యారు. మన మనుమలు మరొక దేశానికి వెళితే, మింగళ తౌంగ్‌న్యున్ కొండ కూడా ఒకనాడు వారి పేరుకు ముందు నిలవవచ్చు. నేల పేర్లు ఇలాగే పెరుగుతాయి. పాతది పోయి కొత్తది రావడం కాదు, ఒకదాని పక్కన మరొకటి చేరడం.

మన పూజలలో సంకల్పం చెప్పేటప్పుడు, చేసేవారు ఏ కొండకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ కూర్చొని ఉన్నారో ముందుగా చెప్పుకోవడం ఆచారం. ఎక్కడ ఉన్నామో చెప్పిన తరువాతనే ఏమి కోరుతున్నామో చెబుతాము. ఇంటిపేరు దీనికి జంట వంటిది: అది ఎక్కడి నుంచి వచ్చామో చెబుతుంది. రెండూ తెలిసిన మనిషికి తాను నిలిచిన నేల మీద గౌరవమూ ఉంటుంది, దాటి వచ్చిన నేల మీద ప్రేమా ఉంటుంది. ఒకటి చెప్పడం కోసం రెండవదాన్ని దాచవలసిన పని లేదు.

ఈ నెల ప్రతి ఇంట్లో ఒక చిన్న పని చేద్దాం. పిల్లలచేత తెలుగులో రెండు ఇంటిపేర్లు రాయిద్దాం: నాన్నవైపుది ఒకటి, అమ్మ పుట్టింటిది ఒకటి. ప్రతి పేరు పక్కన దాని అర్థం రాయిద్దాం: కొండ అయితే కొండ, కోన అయితే కోన, ఊరైతే ఏ జిల్లాలోని ఊరు. తెలియని అర్థం ఉంటే తాతయ్యను, అమ్మమ్మను అడగమందాం. వారు ఉండగానే అడగవలసిన ప్రశ్న ఇది. తరువాత ఆ పిల్లల బర్మా పేరుకు అర్థమేమిటో వారినే మనకు చెప్పమందాం. ఆ రోజు నేర్పేవారూ నేర్చుకునేవారూ రెండు వైపులా ఉంటారు.